వెల పుచ్చుకొన్న మాట

1780లో హిక్కీ కలకత్తాలో మన దేశపు తొలి వార్తాపత్రికను వెలువరించినప్పుడు దాని పేరులోనే 'జనరల్ అడ్వర్టైజర్' అను మాటలను చేర్చెను. ప్రకటనల సొమ్మును పత్రిక యాశించుట నాటినుండియే కలదు. అందు దాపరికము లేదు. ఇల్లు అద్దెకిచ్చువాడు, సరకులమ్మువాడు తన మాటను తానే చెప్పుకొనును. చదువరి దాని నా మేరకే నమ్మును. ఆ మాట వేరొకని నోట, వేరొకని పేర వెలువడినప్పుడే చిక్కు. ఈనాడు సోషల్ మీడియాలో తమ సొంత పుటలమీద వెల పుచ్చుకొని ప్రకటనలు నడపువా రనేకులు. అయినను చిక్కు వారితో పుట్టినది కాదు.

అమెరికాలో 19వ శతాబ్ది చివరిభాగమున మందుల వర్తకులు మొదలగువారు సొమ్మిచ్చి, తమ పొగడ్తలను వార్తల వలెనే, వార్తల నడుమనే అచ్చు వేయించుకొనుచుండిరి. వీనికి 'రీడింగు నోటీసు'లని పేరు. చదువరి మోసపోవుటయే యందలి సరకు. తుదకు 1912లో శాసనసభ యొక చట్టము చేసెను. చవుక తపాలా రేటు ననుభవించు పత్రికలు సొమ్ము పుచ్చుకొని వేసిన వ్రాతకు 'ప్రకటన' యని స్పష్టముగా గురుతు వేయవలెను. లేనిచో 50 మొదలు 500 డాలర్లవరకు జుల్మానా. పత్రికాధిపతులు స్వాతంత్ర్యము పోయినదని వ్యాజ్యమాడిరి గాని 1913లో సుప్రీంకోర్టు చట్టమునే నిలిపెను. 1927 నాటి రేడియో చట్టమును ఈ నియమమునే ప్రసారములకు వర్తింపజేసినది. శ్రోతలకు గురుతు కనబడదు గనుక నోటితో చెప్పవలసి వచ్చెను.

2006లో ట్విట్టరు పుట్టిన పిమ్మట పత్రికాధిపతి, విలేఖరి, చందాదారుడు ఒక్కడే యయ్యెను. 2008లో జర్మనీనుండి 'మ్యాగ్‌పై' యను సంస్థ బయలుదేరినది. మెరయు వస్తువుల నెత్తుకొనిపోవునని యూరపులో అపవాదు మోసిన పక్షి పేరది! అందు చేరినవాని మాటల నడుమ, వాని పేరనే, ప్రకటనలు వచ్చి పడుచుండెను. అనుసరించువా రెందరో ప్రతిఫల మంత. ప్రకటనకు ముందు 'మ్యాగ్‌పై' యను గురుతుండెడిది. నిజమే. కాని యా పేరెరుగని మిత్రునకు దానివలన తెలియున దేమి? గురుతు వేసియు దాచినట్లే యయ్యెనని నా యభిప్రాయము.

2009లో అమెరికా వాణిజ్యసంఘము తన సూత్రములను సవరించి, బ్లాగులు వ్రాయువారును ప్రతిఫలము పుచ్చుకొన్నచో ఆ సంగతి చెప్పవలెనని విధించెను. 2010 మే నెలలో ట్విట్టరు సంస్థయు, జనుల మాటల వరుసలోనికి ఇతర సంస్థలు ప్రకటనలను చొప్పించుట నిషేధించెను. అంతకు నెల మునుపే అది తన సొంత ప్రకటనల వ్యాపారము నారంభించియుండెను. నిషేధమునకు చదువరిమీది దయ యెంత కారణమో, రాబడి యెంత కారణమో యోచింపదగును. ఏలయన తన చేతితో తాను వెల పుచ్చుకొని వ్రాసికొనువాని నది ఆపలేదు.

మన దేశమున ప్రకటనల ప్రమాణమండలి 2021లోను, కేంద్ర ప్రభుత్వము 2023 జనవరిలోను నియమములు వెలువరించినవి. 2019 నాటి వినియోగదారుల సంరక్షణ చట్టము క్రింద తప్పుదారి పట్టించు ప్రకటనకు మొదటిసారి 10 లక్షలు, మరల చేసినచో 50 లక్షల రూపాయలవరకు జరిమానా వేయవచ్చును. రొక్కమే కాదు; ఉచితముగ వచ్చిన వస్తువు, ప్రయాణము, హోటలు బస, తుదకు బంధుత్వమును చెప్పవలసిన సంబంధములే.

బంధుత్వమును చేర్చుట కొందరికి వింతగా తోచును. మన యూళ్లలో మేనమామ బట్టల కొట్టును మేనల్లుడు పొగడిన వినువారు నవ్వుకొందురు. చుట్టరికము ఊరెల్ల నెరుగును గదా! సొంత పుటమీద పలికిన మాటకు ఊరు లేదు. విజయవాడలో పలికినది డల్లాసులోని తెలుగువాడు వినును. మేనమామ యెవరో వాడెరుగడు. అందుచేతనే చెప్పు భారము పలికినవానిమీద పడినది. ఆ గురుతును హ్యాష్‌టాగుల గుంపులో కలిపివేయరాదు. ప్రత్యక్ష ప్రసారమైనచో మొదటినుండి తుదివరకు తెరమీద నిలిచియుండవలెను.