లోటస్ సెవెన్
లోటస్ సెవెన్ 1957లో బ్రిటన్‌లో వెలువడిన, రెండు సీట్ల పైకప్పులేని స్పోర్ట్స్ కారు. రూపకర్త లోటస్ సంస్థ స్థాపకుడు కోలిన్ చాప్‌మన్. ఉక్కు గొట్టాల చట్రానికి అల్యూమినియం రేకులు తొడిగిన తొలి నమూనాల బరువు 500 కిలోల లోపే. మొదట్లో వీటికి 1172 సీసీ ఫోర్డ్ ఇంజిన్ అమర్చేవారు. పూర్తయిన కారుపై ఉండే కొనుగోలు పన్ను విడిభాగాలకు వర్తించేది కాదు. ఇది కిట్‌గా ప్రాచుర్యం పొందడానికి ప్రధాన కారణం అదే. వెల్డింగ్ చేసిన చట్రం కర్మాగారం నుంచే వచ్చేది. ఇంజిన్, గేర్‌బాక్స్, వెనుక ఇరుసు, సస్పెన్షన్ బిగించుకోవడం కొనుగోలుదారు పని. ఇంటి గ్యారేజీ, మామూలు పనిముట్లు అందుకు సరిపోయేవి. 1973 ఏప్రిల్ 1న వ్యాట్ అమల్లోకి రావడంతో పన్ను వెసులుబాటు పోయింది. అదే ఏడాది హక్కులు పొందిన కేటర్‌హామ్ కార్స్ దీని వారస నమూనాలను కిట్‌లుగా కూడా అమ్ముతోంది.