ఋతువులు, కొండదారులు: పాలమూరు జనవిహార చరిత్రలో కొన్ని అంశాలు

ప్రబంధానికి ఆలంకారికులు విధించిన అష్టాదశ వర్ణనలలో శైలం ఒకటి, ఋతువులు మరొకటి, ఉద్యాన విహారం, జలక్రీడ వేరువేరు. కావ్యనాయకుడు ఏ ఋతువులోనైనా కొండకు పోగలడు. అతని విహారానికి పంటతో గాని కూలితో గాని నిమిత్తం లేదు. తెలుగు సాహిత్యంలో కేవలం చూడాలన్న కుతూహలంతో కొండకు పోయినవారిలో అగ్రగణ్యుడు అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ప్రవరుడు. సిద్ధుడిచ్చిన పాదలేపంతో హిమాలయం చేరిన అతడు, మంచుకు ఆ లేపం కరిగిపోగా ఇంటిదారి కోల్పోయాడు. సామాన్య జనం కొండలకు ఎప్పుడు పోయారు, అక్కడ ఏమి చేశారు అన్న ప్రశ్నకు మాత్రం ప్రబంధాలలో సమాధానం తక్కువ. దానిని జాతరల తిథులలో వెదకవలసి ఉంటుంది. ఆ తిథులు వ్యవసాయపు పనులతో ఎంత దగ్గరగా ముడిపడి ఉన్నాయో గమనిస్తే, కొండవిహారపు చరిత్ర కొంత భిన్నంగా కనిపిస్తుంది.

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో, నేటి నారాయణపేట జిల్లాలో ఉన్న కోస్గి మెట్టభూముల సీమ. ఇక్కడ పర్వతశ్రేణులు లేవు. రాతిగుట్టలు, బోళ్ళు, వానకు ఎదురుచూసే చేలు ఉన్నాయి. వర్షాధార వ్యవసాయం, వలస ఈ ప్రాంతపు జీవితాన్ని తీర్చిదిద్దాయి. పాలమూరు కూలీలు నగరాలకూ పొరుగు రాష్ట్రాలకూ పోవడం, పండుగకో జాతరకో ఊరు చేరడం తరాల అలవాటు. దగ్గరలోని పోలేపల్లి ఎల్లమ్మ జాతర, సిడె మొక్కు నేలమీది ఉత్సవాలు. కొండ ఎక్కాలంటే దక్షిణంగా కురుమూర్తికో, ఆగ్నేయంగా మన్యంకొండకో, ఇంకా దూరమైన నల్లమలకో పోవలసిందే. ఈ దూరం వల్లనే కోస్గి వంటి చోటు నుండి చూసినప్పుడు కొండ నిత్యదృశ్యం కాదు. అది ఏడాదిలో ఒక నియత కాలానికి దక్కే విశేషం.

నల్లమల యాత్రకు సాహిత్యంలో బలమైన సాక్ష్యం పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రలోని పర్వత ప్రకరణం. శివరాత్రికి శ్రీశైలం చేరే భక్తసమూహాలను సోమనాథుడు సన్నిహితంగా పరిశీలించాడు. తుమ్మెద పదాలు, పర్వత పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు వంటి పాటల పేర్లు మనకు అతని రచనలోనే దొరుకుతున్నాయి. ఆటలు, వేషాలు, బొమ్మలాటల ప్రస్తావనలు కూడా విస్తారంగా ఉన్నాయి. ఆంధ్రుల సాంఘిక చరిత్ర (1949) రచించిన సురవరం ప్రతాపరెడ్డి ఈ గ్రంథాన్ని ప్రధానాకరంగా గ్రహించడం యాదృచ్ఛికం కాదు. ఆయన కూడా పాలమూరు బిడ్డే. కాని ఈ ప్రకరణాన్ని భక్తికీ కళలకూ మాత్రమే ఆధారంగా చదవడం వల్ల ఒక విషయం మరుగున పడింది. ఆ పాటలూ ఆటలూ సాగింది చాలావరకు దారిలో, ఆరుబయట, రాత్రివేళల్లో. పర్వత పదం అన్న పేరే కొండనడకకు ప్రత్యేకంగా ఒక పాటవర్గం ఏర్పడి ఉండవచ్చునని సూచిస్తుంది. భక్తి వేరు, వినోదం వేరు అన్న విభజన ఆనాటి యాత్రికునికి ఉన్నదని చెప్పడానికి ఆ ప్రకరణంలో ఆధారం కనబడదు.

ఇక తిథుల సంగతి. కురుమూర్తి జాతర కార్తికంలో. వానకారు పంటలు చాలావరకు చేతికి వచ్చి, చలి ఇంకా ముదరని కాలమది. చిన్నచింతకుంట మండలం అమ్మాపూర్ సమీపంలోని ఈ కొండలను తిరుమలతో పోల్చి ఏడుకొండలుగా చెప్పుకొంటారు. ఆత్మకూరు నుండి స్వామివారి ఆభరణాలు రావడం, చిన్నవడ్డెమాన్‌లో మాదిగ కుటుంబాలు నియమంతో తయారుచేసే ఉద్దాలు ఊరేగి రావడం ఇక్కడి ముఖ్య ఘట్టాలు. సంస్థాన ప్రభువుల కానుకకు, చర్మకారుని చేతిపనికి ఒకే కొండ మీద చోటు దక్కింది. మన్యంకొండ ఉత్సవాలు మాఘంలో. ఉలి ముట్టని స్వామి, తవ్వని కోనేరు, చెక్కని పాదాలు అని జనం ఆ కొండను గురించి చెప్పుకొనే మాట ఆలోచింపదగినది. మనిషి చేయి పడని ప్రకృతిని గొప్పదనంగా ఎంచే దృష్టి అందులో ఉన్నది. హనుమద్దాసు కీర్తనలు ఈ క్షేత్రానికి వాగ్గేయ సంప్రదాయాన్ని కూడా ఇచ్చాయి.

అన్నిటికంటె విశిష్టమైనది నల్లమల లోపలి సలేశ్వరం. ఇది చైత్ర పౌర్ణమి యాత్ర. ఎండలు మండుతూ, దుక్కులకు ఇంకా గడువున్న సమయం. అడవి ఎండుటాకులతో నిండి ఉన్నప్పుడు లోయలోని గుహలో లింగం, ఎత్తు నుండి గుండంలోకి పడే నీటిధార యాత్రికుల లక్ష్యం. రాళ్ళదారిలో దిగుతూ ‘వస్తున్నం లింగమయ్యా’ అని, తిరిగి ఎక్కుతూ ‘పోతున్నం లింగమయ్యా’ అని కేకలు వేస్తారు. ఆ కేకకు ఉపయోగం కూడా ఉన్నది: ఇరుకైన బాటలో ఎదురువచ్చే గుంపుకు అది హెచ్చరిక, అలసిన కాలికి ఊతం. పూజారులు చెంచులు. వేసవిలో చల్లదనం కోసం కొండకు పోవడం ఆంగ్లేయుల వేసవి విడుదులతోనే మనకు వచ్చిందనుకొనేవారు ఈ యాత్రను లెక్కలోకి తీసుకోలేదు. మెట్టసీమ రైతుకూలీకి సలేశ్వరమే ఊటీ.

వానకాలం మాట వేరు. అడవి పచ్చబడి, వటువర్లపల్లి సమీపంలోని మల్లెలతీర్థం నిండుగా దూకే ఆషాఢ శ్రావణాలలో పెద్ద కొండజాతరలు కానరావు. కొండ అత్యంత సుందరంగా ఉన్నప్పుడే జనం చేలలో ఉంటారు. నాట్లు, కలుపుల నెలల్లో విహారానికి తీరిక ఎవరికి? అన్ని ఋతువులలోనూ కొండను ఆస్వాదించడం అన్న భావన నెల జీతమూ వారాంతపు సెలవూ ఉన్నవారికే సాధ్యమైనది. నేడు మల్లెలతీర్థానికి వానకాలంలో కార్లు వరుసకట్టడానికి కారణం అదే. పాత పంచాంగంలో లేని యాత్ర ఇది.

సెలవుకు ముందే వేట ఉన్నది. అమ్రాబాద్ పీఠభూమిలో మన్ననూరు దాటిన తరువాత వచ్చే ఫర్హాబాద్ నిజాం పాలకుల వేటవిడిది. ఆ చోటుకు మౌంట్ ప్లెజెంట్ అని మరొక పేరు కూడా ఉండేది. ‘ఫరహ్’ అంటే సంతోషం. రెండు పేర్లూ ఒకే భావాన్ని రెండు పరభాషలలో చెబుతున్నాయి. ప్రబంధరాజు మృగయావినోదానికి ఇది ఇరవయ్యో శతాబ్దపు కొనసాగింపు. అదే అడవి చెంచులకు విహారభూమి కాదు, ఇల్లు. వేసవిలో నీటివనరుల దగ్గరకు వారు గుడిసెలు మార్చుకోవడాన్ని 1943లో వెలువడిన హైమెండార్ఫ్ చెంచుల గ్రంథం నమోదు చేసింది. తేనె, దుంపలు, ఇప్పపువ్వు ఒక్కొక్కటీ ఒక్కొక్క కాలానివి. కొండ నాలుగు కాలాలూ తెలిసినవారు వారే. అయినా కొండవిహారాన్ని గురించిన రచనల్లో వారు దారి చూపేవారిగానే తప్ప దారి తెలిసినవారిగా కనిపించడం అరుదు.

1983లో ఈ అడవి పులుల సంరక్షణ పథకంలోకి వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ భాగం అమ్రాబాద్ పేరుతో విడివడింది. సలేశ్వరం యాత్రను ఇటీవల మూడు రోజులకు పరిమితం చేశారు. వన్యప్రాణులకూ నీటిగుండాలకూ లక్షల పాదాల తాకిడి తగ్గించడం అవసరమే. కాని ఏటా ఒకసారి నడిచివచ్చే జనాన్నీ, ఏడాది పొడుగునా వాహనాల్లో వచ్చే సందర్శకులనూ ఒకే గాట కట్టడం చరిత్ర దృష్ట్యా సమంజసం కాదు. చెంచుపెంటలను అడవి వెలుపలికి తరలించే చర్చ ఒకవైపు, సఫారీ వాహనాలు మరొకవైపు సాగుతున్నాయి. హైదరాబాద్ నుండి శ్రీశైలం పోయే రహదారిపై మన్ననూరు గేటు రాత్రి తొమ్మిది గంటలకు మూతపడి, తెల్లవారి ఆరింటికి తెరుచుకుంటుంది. ఒకప్పుడు వెన్నెల పదాలు పాడుకుంటూ సాగిన నడక ఆ వేళల్లోనిదే.