సముద్రం లేని రాజ్యం పేరున ఒక యుద్ధనౌక

పాలమూరు ప్రాంతంలోని ఆత్మకూరు, నిజాముకు పేష్‌కష్ చెల్లించిన అమరచింత సంస్థానానికి ముఖ్యస్థానం. అక్కడి రైతు ఎరిగిన పెద్దనీరు కృష్ణానది. హైదరాబాదు రాజ్యానికే సముద్రతీరం లేదు. 1759లో మచిలీపట్నం ఇంగ్లీషువారి వశమైంది. 1802 వర్తక ఒడంబడికతో ఆ రేవును వాడుకునే హక్కు దక్కినా అది కాగితం మీది హక్కే. అటువంటి రాజ్యపు ప్రభువు బిరుదును ధరించిన నౌక రెండవ ప్రపంచయుద్ధంలో మధ్యధరా సముద్రం నుండి జపాను దాకా తిరిగింది.

ఆ నౌక డిస్ట్రాయర్ జాతికి చెందినది. ఈ జాతి పుట్టుకలో తుర్కుల నష్టం ఒకటి ఉంది. 1878 జనవరిలో బాటూమి రేవు వద్ద రష్యన్ పడవలు ఉస్మానీ నౌక ఇంతిబాహ్‌ను టార్పెడోలతో ముంచివేశాయి. చిన్న పడవలు ఓడలకు యమపాశాలైనందున వాటిని వేటాడే నౌక అవసరమైంది. మొదట కట్టిన టార్పెడో గన్‌బోట్లకు తగిన వేగం లేకపోయింది. 1893లో యారో సంస్థ ప్రయోగాత్మకంగా కట్టిన ‘హావక్’ 26 నాట్ల వేగం సాధించింది. బరువు సుమారు 240 టన్నులే. తానూ టార్పెడోలు మోసే ఈ వేటనౌక క్రమంగా ఆ పడవల పనినీ తానే చేపట్టింది.

ఇక పేరు సంగతి. 1914లో ఉస్మానీ ఖలీఫా బ్రిటన్‌పై యుద్ధానికి దిగినపుడు, మీర్ ఉస్మాన్ అలీఖాన్ ముస్లిములు బ్రిటిషువారి పక్షాన నిలవాలని ప్రకటించాడు. విమానాలకు ధనమిచ్చాడు, 110వ స్క్వాడ్రన్‌కు ‘హైదరాబాదు’ పేరు వచ్చింది. 1918లో ‘విశ్వాసపాత్ర మిత్రుడు’ అనే బిరుదు దక్కింది. రెండవ యుద్ధంలోనూ అదే వరస. ధనసహాయానికి గుర్తుగా డిస్ట్రాయర్‌కు ‘నిజాం’ అని పేరు పెట్టారు. దివానీ శిస్తు కానీ, సర్ఫెఖాస్ రాబడి కానీ, ఆ ధనానికి మూలం మాత్రం పొలమే. పేరు మాత్రం ప్రభువుది.

క్లైడ్‌బ్యాంకులో జాన్ బ్రౌన్ సంస్థ కట్టిన ఈ నౌక 1940 జులై 4న నీటిలో దిగి, 1941 జనవరిలో సేవలో చేరింది. యాజమాన్యం బ్రిటన్‌ది, నావికులు ఆస్ట్రేలియనులు. ఆ మే నెలాఖరున క్రీటు దక్షిణతీరాన స్ఫాకియా నుండి ఓడిన సైనికులను తరలించింది. ముట్టడిలో ఉన్న టోబ్రుక్‌కు మనుషులను, సరుకులను చేరవేసింది. తర్వాత హిందూ మహాసముద్రంలో పనిచేసింది. 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నైఋతి కొసన లీవిన్ అగ్రం దగ్గర పెద్ద కెరటానికి ఒక పక్కకు ఒరిగిపోగా పదిమంది నావికులు కొట్టుకుపోయారు. తుపాకులు, టార్పెడోలు తప్పించుకున్న నౌకకు నీరే శత్రువైంది. సెప్టెంబరు 2న జపాను లొంగుబాటు సంతకాల వేళ అది టోక్యో అఖాతంలో ఉంది.

1948 సెప్టెంబరు 17న హైదరాబాదు భారత సైన్యానికి లొంగిపోయింది. ‘విశ్వాసపాత్ర మిత్రుని’ కోసం బ్రిటన్ చేయి కదపలేదు. అప్పటికే బ్రిటిషువారికి తిరిగి అప్పగింపబడిన ‘నిజాం’ను 1955లో పాత ఇనుముగా అమ్మివేశారు.