మూడూ నాలుగూ కౌశిక దాటాలి

కనుమ పొద్దు. రావులపాలెం సెంటర్లో అమలాపురం బస్సు కోసం నిలబడ్డారు. అరటి గెలల లారీలు హైవే ఎక్కుతున్నాయి. మీ చంకలో సన్నాయి. పక్కన డోలుతో బాబాయ్.

ఇవాళ మల్లారి వాయించాలని ఆయన పట్టుదల. కావేరి గట్ల మీది గుళ్లలో, దేవుడు ఊరేగింపుకు బయల్దేరేటప్పుడు వాయించే బాణీ అది. సాహిత్యం ఉండదు. మన పెళ్లి మేళాల్లో వినపడేది కాదు కాబట్టి ఇటువైపు చాలామందికి పేరైనా తెలీదు. గంభీరంగా నడపాలా, ఆటగా నడపాలా? మాటల్లేవు గనక మీరే తేల్చుకోవాలి.

బస్సు కొత్తపేట దాటుతోంది. బాబాయ్ మోకాలి మీద వేళ్లతో కొడుతున్నాడు: తకధిమి, తకధిమి. నాలుగు. మీ వేళ్లు తకిట, తకిట అంటున్నాయి. మూడు. తిశ్ర గతి. తొక్కుడుబిళ్ల ఆడే పిల్లలా గెంతుతుంది. మూడు తకధిములు పన్నెండు మాత్రలు. నాలుగు తకిటలూ పన్నెండే. ఆ పన్నెండూ అయ్యాక ఇద్దరూ ఒకేచోట దిగాలి. అదే సమం.

"ఇంటి దగ్గర తప్పితే నవ్వుకుంటాం నాన్నా. ఇవాళ మన వెనక ప్రభ మోసేవాళ్లుంటారు. వాళ్ల కాళ్లు నా డోలు వింటాయి."

"ఆయ్. అలాగే బాబాయ్."

గంగలకుర్రు. తలెత్తితే గానీ ప్రభ కొస కనపడదు. వెదురు చట్రం, రంగురంగుల కొత్త బట్టలు, వరి కంకులు, గంటలు, నడుమ స్వామి. దూలాల కింద వరసలుగా భుజాలు. వెళ్లాల్సింది మొసలపల్లి జగ్గన్నతోటకి. అక్కడ గుడి లేదు. ఆ కొబ్బరితోటలో 11 ఊళ్ల శివుళ్లు, ఏకాదశ రుద్రులు, కనుమనాడు కలుసుకుంటారు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద నిలిచిన తీర్థం ఇదే.

పీక నాలుకతో తడుపుకోండి. ఎండిన పీక పలకదు. బాబాయ్ కుడిచేతి వేళ్లకు గట్టి తొడుగులు, ఎడంచేతిలో పుల్ల. గంభీరనాట ఎత్తుకోండి. స, గ, మ, ప, ని. అయిదే స్వరాలు. రి లేదు, ద లేదు. ఆ రెండు ఖాళీల మీంచి దూకాలి. నిదానంగా దూకితే ఠీవి. చటుక్కున దూకితే ఆట.

చేలో దిగారు. పైరు కాళ్ల కింద నలుగుతోంది. రైతు గట్టు మీద నిలబడి దణ్ణం పెడుతున్నాడు. స్వామి నడిచిన చేను బాగా పండుతుందని నమ్మకం.

ఎదురుగా కౌశిక నది.

"అశరభ! శరభ!" మోసేవాళ్ల కేక.

నీళ్లు మోకాళ్లకు. నడుముకు. కింద బురద. డోలు హోరెత్తుతోంది. మీ సన్నాయి మీకే వినపడటం లేదు.

ప్రభ ఊగింది. కుడికి ఒరుగుతోంది. గంటలు గొల్లుమన్నాయి. ఎవరిదో కాలు జారింది.

తకధిమి. తకధిమి. డోలు తప్పలేదు.

మీరు?

గట్టిగా ఊదితే డోలుతో పోటీ. ఆపేస్తే మిగిలేది బరువే. తేల్చుకోండి. ఇప్పుడే.

తార షడ్జం. సన్నగా. తకిట. తకిట. తకిట. తకిట.

సమం!

డోలూ దిగింది. అడుగు పడింది. మళ్లీ. సమం. అడుగు. దూలం కింద ఒక కుర్రాడు నవ్వాడు. బిగబట్టిన ఊపిరి వదిలాడు. ప్రభ నిటారుగా లేచింది.

గట్టు.

మల్లారి ఏం చెబుతోందో ఇప్పుడు మీ ఒంటికి తెలుసు. అడుగు ఎక్కడ వేయాలో డోలు చెబుతుంది. వేయగలననే హుషారు సన్నాయి ఇస్తుంది. ఆయన నాలుగు వదలకుండా పట్టుకున్నాడు కాబట్టే మీ మూడు గెంతింది. మీరు గెంతారు కాబట్టే ఆయన హోరు భయపెట్టలేదు. ఏ ఒక్కటి తీసేసినా ఇది మల్లారి కాదు.

నేల గట్టిపడింది. మోసేవాళ్లు పరుగందుకున్నారు. బాబాయ్ మీకేసి చూసి తలూపాడు. ఇక నాలుగు కాపలా కాయక్కర్లేదు. ఆయన డోలు కూడా తకిట అంటోంది. ఊదండి, తోట దాకా ఆటే!