పాలమూరు పల్లి: గానుగ నుండి మార్కెట్‌యార్డు దాకా

‘నూనె’ అనే తెలుగు పదం నువ్వు, నెయ్యి అనే రెండు మాటల కలయిక. పదంలో ఉన్నది నువ్వే అయినా, కాలక్రమంలో తెలుగువారి వంటింట పల్లినూనె ప్రధాన స్థానం పొందింది. వేరుశనగ దక్షిణ అమెరికాకు చెందిన పంట. పోర్చుగీసు వర్తకుల ద్వారా పశ్చిమ ఆఫ్రికాకు చేరింది. 19వ శతాబ్దిలో ఫ్రాన్సులోని మార్సేయి నూనె మిల్లులు, సబ్బు కర్మాగారాలు సెనెగల్ నుండి, ఆ తరువాత మద్రాసు తీరం నుండి కూడా ఈ గింజలను తెప్పించుకున్నాయి.

ఎగుమతి ఎంత పెరిగినా, నైజీరియాలోని హౌసా గ్రామాలలో నూనె తీసే పని స్త్రీల చేతుల్లోనే నిలిచింది. వేయించిన పల్లీలను నూరి, కొద్దిగా వేడినీరు చేర్చి పిసికితే నూనె ఊరుతుంది. మిగిలిన పిండిని ఆ నూనెలోనే వేయించి ‘కులికులి’ అనే తినుబండారంగా అమ్ముతారు. ఈ విధంగా నూనె, పిండి రెండింటి విలువా ఇంటికే దక్కుతుంది.

నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని ఉప్పునుంతల దుందుభి వాగు పరీవాహకంలోని మండలం. ఈ ప్రాంతపు ఎర్ర చెల్క నేలల్లో ఊడలు సులభంగా దిగుతాయి, కాయ పెరుకుటకు కూడా అనువుగా ఉంటుంది. బోరుబావుల కింద యాసంగి పంటగా పల్లి ఇక్కడ స్థిరపడింది. పూర్వం తెలంగాణ గ్రామాలలో గాండ్లవారి ఎద్దుగానుగ నూనె అవసరాలను తీర్చేది. చెక్క పశువుల దాణాగా ఊరిలోనే మిగిలేది.

మిల్లుల రాకతో ఈ వ్యవస్థ చెదిరింది. పొరుగున ఉన్న కర్నూలులో తుంగభద్ర ఇండస్ట్రీస్ సంస్థ పల్లినూనెను వనస్పతిగా మార్చేది. వనస్పతి కూడా పన్ను విషయంలో పల్లినూనె కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1960లో ఆ సంస్థ వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. నూనెకు నిర్వచనం కోర్టులో తేలవలసి వచ్చిందంటే, అది గ్రామపు గానుగను దాటి ఎంత దూరం వెళ్లిందో ఊహించవచ్చు.

నేడు రైతు అమ్మేది నూనె కాదు, కాయ. అందువల్ల అతని ఆదాయం యార్డులో ఆనాడు పలికిన ధరపైనే ఆధారపడుతుంది. 2023–24లో క్వింటాలుకు 6,377 రూపాయల మద్దతు ధర ప్రకటించి ఉన్నప్పటికీ, 2024 ఫిబ్రవరిలో అచ్చంపేట మార్కెట్‌లో ధర తగ్గిందని రైతులు ఆందోళనకు దిగారు. పల్లిని పండించే ఇల్లే వంటనూనెను ప్యాకెట్‌లో కొనడం ఈ చరిత్రకు పర్యవసానం. హౌసా స్త్రీలు నిలుపుకున్నదీ, పాలమూరు రైతు కోల్పోయినదీ ఒక్కటే: కాయకూ నూనెకూ నడుమ ఉన్న పని.