ఫస్ట్ ప్రైజ్ తీసేశాక బతికిన రేస్: పారిస్–బ్రెస్ట్–పారిస్ కథ

ఫ్రాన్స్‌లో సైక్లింగ్ అనగానే మనకి గుర్తొచ్చేది టూర్ ద ఫ్రాన్స్. పసుపు జెర్సీ, ఆల్ప్స్ కొండలు, హెలికాప్టర్ షాట్లు. ఈ రోజు మాట్లాడుకునేది దాని గురించి కాదు. దానికంటే 12 ఏళ్ల ముందు పుట్టిన ఇంకో రూట్ గురించి. పేరు పారిస్–బ్రెస్ట్–పారిస్.

పారిస్ నుంచి పడమటి సముద్రం ఒడ్డున ఉన్న బ్రెస్ట్‌కి వెళ్లి, మళ్ళీ వెనక్కి రావాలి. సుమారు 1,200 కిలోమీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే హైదరాబాద్ నుంచి వైజాగ్ వెళ్లి తిరిగి రావడం, అదీ సైకిల్ మీద. ఇప్పటి టైమ్ లిమిట్ 90 గంటలు. తిండి, నిద్ర, పంక్చర్లు, అన్నీ ఆ 90లోనే.

నన్ను పట్టేసింది దూరం కాదు. ఈ రేస్‌లో విజేత ఉన్నంతకాలం అది ఎక్కువగా పదేళ్లకోసారి జరుగుతూ వచ్చి, చివరికి ఆగిపోయింది. విజేత లేని రైడ్ మాత్రం ఇవాళ్టికీ నడుస్తోంది. ఎందుకు? అదే ఈ ఎపిసోడ్.

1891కి వెళ్దాం. పారిస్‌లో 'లె పెతి జుర్నాల్' అనే పేపర్ ఉండేది. రోజుకి దాదాపు పది లక్షల కాపీలు అమ్మేది. అందులో పనిచేసే జర్నలిస్ట్ పియర్ జిఫార్‌కి సైకిల్ అంటే పిచ్చి. సైకిల్ అంటే డబ్బున్నవాళ్ల ఆటవస్తువు అనుకునే రోజులవి. కాదు, దీని మీద ఎంత దూరమైనా పోవచ్చు అని చూపించాలని ఆయన పట్టుదల. పేపర్ అమ్మకాలు పెరగాలన్న ఆశ కూడా ఉంది, అది వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఏడాది సెప్టెంబర్ 6న 200 మందికి పైగా బయల్దేరారు. తారు రోడ్లు లేవు. గేర్లు లేవు. ఫ్రీవీల్ కూడా లేదు. అంటే దిగుడులో కూడా పెడల్స్ గిర్రున తిరుగుతూనే ఉంటాయి.

అసలు డ్రామా టైర్లలో ఉంది. గాలి టైరుని డన్‌లప్ 1888లో తెచ్చాడు. కానీ అప్పటి టైర్లని చక్రానికి అతికించేసేవాళ్లు. పంక్చర్ అయిందంటే ఊడదీసి మళ్ళీ అతికించడం పెద్ద తతంగం. మిషెలిన్ అన్నదమ్ములు సులభంగా విప్పి బిగించే టైరు తయారు చేశారు. మిషెలిన్ స్టార్ రెస్టారెంట్ అంటాం చూడండి, ఆ మిషెలినే. షార్ల్ తెరాన్ ఆ కొత్త టైర్ల మీద బయల్దేరాడు. అతని పోటీదారు జియెల్-లావాల్ డన్‌లప్ టైర్ల మీద.

బ్రెస్ట్ చేరేసరికి జియెల్-లావాల్ ముందున్నాడు. తిరుగు ప్రయాణంలో మూడో రాత్రి ఆగి పడుకున్నాడు. తెరాన్ ఆగలేదు. నిద్రపోతున్నవాణ్ణి దాటుకుని చీకట్లో వెళ్లిపోయాడు. 71 గంటల 22 నిమిషాల్లో పారిస్ చేరాడు. మొత్తం మీద రేస్ పూర్తి చేసినవాళ్లు దాదాపు 100 మంది.

తర్వాతి రేస్ 1901లో. గెలిచింది మోరిస్ గారాన్, 52 గంటల చిల్లర. రెండేళ్లకి ఆన్రి దెగ్రాంజ్ నడిపే 'లోతో' పేపర్ టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టింది. దాని మొదటి విజేత కూడా ఈ గారానే. ఇక్కడ బిజినెస్ లాజిక్ చూడండి. టూర్ ఏటా వస్తుంది, రోజుకో స్టేజ్, రోజుకో హెడ్‌లైన్. మన రేస్ పదేళ్లకోసారి వచ్చి రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. పేపర్‌కి ఏది కావాలో మీరే చెప్పండి.

పేరుకి మాత్రం లోటు లేదు. 1910లో పారిస్ దగ్గర మేజోన్-లాఫిత్ ఊళ్లో లూయీ ద్యురాన్ అనే బేకరీ ఓనర్ ఈ రేస్ పేరుతో ఒక స్వీట్ చేశాడు. సైకిల్ చక్రంలా గుండ్రంగా, మధ్యలో హేజల్‌నట్ క్రీమ్. ఇవాళ ఫ్రాన్స్‌లో చాలామందికి పారిస్-బ్రెస్ట్ అంటే ముందు గుర్తొచ్చేది ఆ స్వీటే.

1931లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన హ్యూబర్ట్ ఓపర్‌మన్ 49 గంటల చిల్లరలో గెలిచాడు. తర్వాత ఆయన వాళ్ల దేశంలో మంత్రి కూడా అయ్యాడు. 1951లో మోరిస్ దియో 38 గంటల 55 నిమిషాల్లో పూర్తి చేశాడు. ప్రొఫెషనల్ రేస్ కథ అక్కడితో ముగిసింది. రెండు రాత్రులు నిద్రలేకుండా తొక్కడానికి ఒళ్లు అలవాటు చేయాలి, మిగతా సీజన్ పాడవుతుంది. అంత రిస్క్ చేసే రేసర్లు దొరకలేదు.

అయితే 1931లోనే ఇంకో పని జరిగింది. మామూలు జనం కోసం ఆడాక్స్ క్లబ్ పారిజియన్ విడిగా ఒక రైడ్ పెట్టింది. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, సరదాకి తొక్కేవాళ్లు. టైమ్ లిమిట్ లోపల వస్తే చాలు. ఫస్ట్ లేదు, సెకండ్ లేదు. రేస్ పోయింది, ఇది మిగిలింది. ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతోంది. ఈ మధ్య 2019, 2023 రెండుసార్లూ పారిస్‌కి నైరుతిలో ఉన్న రాంబుయే నుంచి బయల్దేరింది. 2019లో 6,000 మందికి పైగా తొక్కారు.

ఇప్పుడు రోడ్డు సంగతి. పాత రేస్ వెళ్లిన మెయిన్ రోడ్డు కార్లు, లారీలతో నిండిపోయింది. అందుకే రైడ్‌ని పల్లె రోడ్ల మీదకి మార్చారు. రెండు పక్కలా పొదల కంచెలు, వెనక ఆవులు మేసే పొలాలు, దూరంగా చర్చి గోపురం. గోపురం కనిపించిందంటే ఊరొచ్చినట్టే. ఊరంటే ఓ చర్చి, అదృష్టం బాగుంటే ఓ బేకరీ.

ఈ దారిలో పెద్ద పర్వతం ఒక్కటీ లేదు. బాగా ఎత్తైనది బ్రెస్ట్ దగ్గర రోక్ ట్రెవెజెల్, అదీ 400 మీటర్ల లోపే. కానీ మొత్తం ఎక్కుడు కూడితే సుమారు 12,000 మీటర్లు. ఎవరెస్ట్ ఎత్తు 8,849. ఎలా సాధ్యం? నేల అలలు అలలుగా ఉంటుంది. ఎక్కు, దిగు, మళ్ళీ ఎక్కు. పెద్ద అప్పు ఏమీ కాదు, ఆగకుండా వచ్చే చిన్న చిన్న ఈఎంఐలు.

ఆ ఈఎంఐలు కట్టేటప్పుడు చేయి పట్టుకునేది ఆ ఊళ్లే. విలేన్-లా-జుయెల్ అని చిన్న ఊరుంది. రైడ్ వచ్చిందంటే అక్కడ జాతరే. చిన్నపిల్లలు రైడర్ల భోజనం ట్రేలు మోసుకెళ్లి టేబుల్ మీద పెడతారు. రాత్రి రెండింటికి ఇంటి ముందు బల్ల వేసి కాఫీ, నీళ్లు ఇచ్చేవాళ్లుంటారు. ఒక పల్లెలో ఒక కుటుంబం కాఫీ, క్రేప్‌లు ఇచ్చి డబ్బులు తీసుకోదు. మీ ఊరెళ్లాక ఒక పోస్ట్‌కార్డ్ రాయండి అంటుంది. అలా ప్రపంచం నలుమూలల నుంచీ కార్డులు వచ్చాయి.

మనవాళ్లు కూడా ఉన్నారండోయ్. ఇందులో చేరాలంటే ముందు 200, 300, 400, 600 కిలోమీటర్ల రైడ్లు టైమ్‌లో పూర్తి చేయాలి. వీటిని బ్రెవేలు అంటారు. హైదరాబాద్ రాండనర్స్ లాంటి క్లబ్బులు ఇక్కడే పెడతాయి. 2019లో ఇండియా నుంచి వందల మంది వెళ్లారు. ఎదురుగాలి, రాత్రి చలి, ఆగని ఎక్కుళ్లు. చాలామంది 90 గంటల్లో రాలేకపోయారు. అయినా 2023లో మళ్ళీ మనవాళ్లు వెళ్లారు. ర్యాంకు కోసమైతే ఎవరూ వెళ్లరు కదా.

ఎంసెట్ ర్యాంకుతో మొదలై ఆఫీసులో అప్రైజల్ రేటింగ్ దాకా, నేను పెరిగిందంతా లిస్టుల్లోనే. మీలో చాలామంది కూడా అంతే. పోటీ లేకపోతే ఎవడు కష్టపడతాడు అని మనకి నేర్పారు. ఈ రూట్ చరిత్ర దానికి అడ్డంగా నిలబడుతుంది. ప్రైజ్ కోసం తొక్కేవాళ్లకి ఇంకో మంచి ప్రైజ్ దొరికింది, వెళ్లిపోయారు. పూర్తి చేయడం కోసం తొక్కేవాళ్లు, వాళ్లకి కాఫీ పోసేవాళ్లు మిగిలారు. ముందొచ్చినవాడికీ, 89వ గంటలో వచ్చినవాడికీ ఒకటే మెడల్.

నాలుగేళ్ల లెక్కలో తర్వాతి రైడ్ 2027లో. మీ ఊళ్లో బ్రెవేలు తొక్కేవాళ్లు ఎవరైనా ఉంటే కామెంట్స్‌లో చెప్పండి, వాళ్ల అనుభవాలు వినాలనుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.