ఇండస్ట్రియల్ సంగీతం

ఇండస్ట్రియల్ సంగీతం 1970ల మధ్యలో బ్రిటన్‌లో పుట్టిన ప్రయోగాత్మక ధోరణి. యంత్రాల రొద, టేపు ముక్కలు, వికృతపరచిన గొంతులు దీని ముడిసరుకు. వినేవారిని సేదదీర్చే పనికి ఈ కళాకారులు ఒప్పుకోలేదు. హింస నిండిన కాలంలో జోకొట్టే పాట నిజాన్ని కప్పిపుచ్చుతుందని వారు నమ్మారు.

పూర్వరంగం

ఇటలీ ఫ్యూచరిస్టు చిత్రకారుడు లుయీజీ రుస్సోలో 1913లోనే రణగొణ ధ్వనులకు సంగీతంలో చోటివ్వాలని ప్రకటించాడు. సొంతంగా తయారుచేసిన ధ్వనియంత్రాలతో 1914లో మిలాన్‌లో కచేరీ చేస్తే హాల్లో పెద్ద గొడవైంది. 1948లో పారిస్‌లో పియర్ షెఫర్ రైళ్ల చప్పుళ్లను రికార్డు చేసి, వాటితోనే సంగీత రచన చేశాడు.

ఆవిర్భావం

జెనెసిస్ పి-ఆరిడ్జ్, కోజీ ఫాన్ని టుట్టి, క్రిస్ కార్టర్, పీటర్ క్రిస్టఫర్సన్ కలిసి లండన్‌లో థ్రాబింగ్ గ్రిసిల్ బృందాన్ని నడిపారు. వారు 1976లో నెలకొల్పిన ఇండస్ట్రియల్ రికార్డ్స్ నుంచే ఈ ధోరణికి పేరు వచ్చింది. బృందంలో డ్రమ్మర్ లేడు. చాలా పరికరాలు కార్టర్ చేత్తో తయారైనవే. ఆ ఏడాది అక్టోబరులో ఐసీఏ గ్యాలరీలో వారు పెట్టిన ప్రదర్శన చూసి, పార్లమెంటు సభ్యుడు నికొలస్ ఫెయిర్‌బెర్న్ వారిని నాగరికతా విధ్వంసకులని దుయ్యబట్టాడు. 1977 నాటి తొలి ఆల్బం మొదట 785 ప్రతులే అచ్చయింది.

1978లో వచ్చిన ‘హాంబర్గర్ లేడీ’ పాట ఈ బృందం తత్వాన్ని స్పష్టంగా చూపుతుంది. నడుము పైభాగమంతా కాలి ఆసుపత్రిలో పడివున్న మహిళ గురించి ఒకరు రాసిన ఉత్తరం దానికి ఆధారం. చెదిరిన గొంతు, వెనుక ఆగని మూలుగు తప్ప అందులో ఊరడింపు ఎక్కడా లేదు. అందుకే శ్రోత ఆమె బాధ నుంచి ముఖం తిప్పుకోలేడు. బృందం 1981లో విడిపోయింది.

విస్తరణ

ఉక్కు నగరం షెఫీల్డ్‌లో క్యాబరే వోల్టేర్, పశ్చిమ బెర్లిన్‌లో ఐన్‌ష్టుర్‌ట్సెండే న్యూబౌటెన్ ఈ బాట పట్టాయి. 1984లో ఐసీఏ వేదికపై న్యూబౌటెన్ సభ్యులు డ్రిల్లింగ్ మెషీన్లతో నేలనే తవ్వబోతే నిర్వాహకులు కచేరీ ఆపేశారు. తుక్కు ఇనుమును వాయించే లండన్ బృందం టెస్ట్ డిపార్ట్‌మెంట్ 1984–85 బొగ్గుగని సమ్మెలో కార్మికుల పక్షాన నిలిచి, సౌత్ వేల్స్ సమ్మెకారుల గాయక బృందంతో కలిసి ఆల్బం చేసింది.

విమర్శ, ప్రభావం

కొన్ని బృందాలు ఫాసిస్టు చిహ్నాలను వాడుకుని, తమ వైఖరి తేల్చిచెప్పకపోవడం న్యాయమైన విమర్శకు గురైంది. 1990లలో అమెరికాకు చెందిన నైన్ ఇంచ్ నెయిల్స్ ఈ ధ్వనులకు రాగం, పల్లవి జోడించి లక్షలాది మందికి చేర్చింది. ఊరడించని సంగీతం కరుణ లేనిది కాదని ‘హాంబర్గర్ లేడీ’, గని కార్మికులతో చేసిన ఆల్బం నిరూపించాయి. ఈ ధోరణి సాధించిన గొప్ప విజయం అదే.